సంప్రోక్షణ శబ్దార్థ విచారము



ఈ సాయంకాలము మీ యెదుట నేనొక్క మాటను మాత్రమే విచారింపదలచితిని. అది మీకందఱకును పరిచితమైన మాటయే. ఆలయమునకు మరమ్మతు జరిగి దేవుడు మరల స్వస్థానమున నెలకొల్పబడినపుడు సంప్రోక్షణము జరిగినదందురు. గ్రహణము విడిచిన పిమ్మట గుడి తలుపులు తెఱచి సంప్రోక్షణము చేసితిమందురు. గుడిలో నడుగు పెట్టరాదని యొకప్పుడు శాసింపబడిన కులమువాడు స్వామిని సేవించి వెలుపలికి వచ్చిన గంటలోపల, కొన్ని యూళ్లలో, ఆ మాటయే వినబడును. మొదటి రెండు చోట్లను, ఈ మూడవ చోటను, ఆ మాట యొకే పనిని చెప్పుచున్నదా?

నేను వకీలును. దస్తావేజులో నొక మాట వివాదాస్పదమైనచో మేము మూడు సంగతులు విచారింతుము. వ్రాసిన నాడు దాని యర్థమేమి? తరువాత దానికేయర్థము కల్పించిరి? ఆ కల్పనవలన లాభపడినవారెవరు? సంప్రోక్షణమను మాటను గూడ అట్లే చూతము.

ఉక్ష్ అను ధాతువునకు తడుపుట, చల్లుట యని యర్థము. దానికి ముందు ‘ప్ర’ యను నుపసర్గ చేరగా ప్రోక్షణమైనది. దానికి ముందు ‘సమ్’ చేరగా సంప్రోక్షణమైనది. ముందునకు చల్లుట, లెస్సగా చల్లుట. ఇంతియే. ఈ శబ్దములో శుద్ధి యను నర్థము లేశమైనను లేదు. మైల యను నర్థమసలే లేదు. ఉన్నదెల్ల కొంచెము నీరును, దానిని చల్లు నొక చేయియును.

శుద్ధిని చెప్పు మాట వేఱుగ నున్నది. అది పవిత్రమను మాట. శుభ్రపఱచుట యను నర్థముగల ‘పూ’ ధాతువునుండి పవనము, పావకుడు, పావనము అను మాటలతోపాటు అదియు పుట్టినది. వేదకాలమున పవిత్రమనగా సోమరసమును వడగట్టు గొఱ్ఱెయున్ని జల్లెడ. వడగట్టునపుడు పిప్పి పైన నిలుచును, రసము క్రిందికి దిగును, ఒకటి రెండగును. ప్రోక్షణమునందట్లు కాదు. చల్లబడిన వస్తువునుండి యేదియు తీసివేయబడదు. దానికి కొంత చేర్చబడును. పవిత్రము వేఱుచేయునట్టిది, ప్రోక్షణము చేర్చునట్టిది. ఈ భేదమును మీరు మనసున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. తరువాతి కథయెల్ల ఈ రెండింటిని కలగలుపుటవలననే వచ్చినది.

చల్లు చేతిని గుఱించియు మన పెద్దలొక సూక్ష్మమును చెప్పిరి. అఱచేయి వెల్లకిల నుంచి చల్లినది ప్రోక్షణము. బోర్లించి చల్లినది అభ్యుక్షణము. అడ్డముగ నుంచి చల్లినది అవోక్షణము. వెల్లకిల నున్న చేయి యిచ్చునట్టి చేయి, అడుగునట్టి చేయి, త్రోసివేయునట్టిది కాదు. పొలమున విత్తనము వెదజల్లు రైతు చేయియు, వేకువను వాకిట కళ్లాపి చల్లు స్త్రీ చేయియు మీకు తెలిసినవే. ఆ కళ్లాపి చల్లు చేయి ఇంటి యిల్లాలిది కావచ్చును, కూలికి వచ్చిన పనికత్తెది కావచ్చును. ముగ్గు పడుటకు ముందు ఆ నేలను మంగళకరము చేయునది ఆ చేయియే.

ఇక వైదికకర్మమునకు వత్తము. దర్శపూర్ణమాసములను ఇష్టులలో అధ్వర్యుడు వడ్లను ప్రోక్షించును. సమిధలను, వేదిని, పఱచు దర్భలను ప్రోక్షించును. ఆ నీటిని ముందుగా పవిత్రములను రెండు దర్భలతో సంస్కరించును. అనగా శుభ్రపఱచుట నీటియెడ జరిగిపోయినది. వడ్ల యెడ జరుగునది వేఱొక పని. చల్లునపుడు అతడు చెప్పునది, ఆ ద్రవ్యమే దేవతకై యుద్దేశింపబడినదో ఆ దేవత పేరు. తపాలా కవరుమీద మనము చిరునామా వ్రాయునట్లు, ఆ నీటి చుక్కతో వడ్లకు చిరునామా వ్రాయబడుచున్నది. కవరు మురికిగ నుండుటచేత మనము చిరునామా వ్రాయము. అది యొకరికి చేరవలసియుండుటచేత వ్రాయుదుము.

ఈ వడ్ల ప్రోక్షణమును బట్టి మీమాంసకులు చేసిన చర్చ మిక్కిలి రమ్యమైనది. న్యాయవాదులకు జైమిని మహర్షి ఒక విధమున కులగురువు. వాక్యమునకర్థము చేయు పద్ధతులను ఆయనవలె విడమఱచి చూపినవారు తక్కువ. వారి ప్రశ్న యిది. వడ్లను దంచుమని యొక విధి, వడ్లను ప్రోక్షించుమని యొక విధి. దంచుటవలన పొట్టు పోవును. ఆ ఫలము కంటికి కనబడుచున్నది. ప్రోక్షించుటవలన వడ్లలో మనకేమియు కనబడదు. కావున దాని ఫలమదృష్టమని వారు నిర్ణయించిరి. అయితే ఆ నిర్ణయమునకు వారే యొక హద్దు కట్టిరి. దృష్టఫలము దొరకుచుండగా అదృష్టమును కల్పింపరాదు. కన్నులకు కనబడు ప్రయోజనమేదియు లేని చోటనే కనబడని దానిని ఒప్పుకొనవలెను. ఈ హద్దుతో మనకు పని యున్నది. మరల దీనికడకు వత్తము.

రెండవ చర్చ యింకను ముఖ్యమైనది. వాజపేయమున బృహస్పతికి నీవారములతో చరువు వండవలెను. నీవారమనగా మన నివ్వరి ధాన్యము. దున్నకయే, విత్తకయే, మడుగుల యొడ్డున తనంతట మొలచు అడవిపంట. దానిని విత్తినవాడు లేడు, దానికి గోత్రము లేదు. వరికి విధింపబడిన ప్రోక్షణము ఈ నివ్వరికి చేయవచ్చునా? చేయవలెననియే మీమాంసకుల సిద్ధాంతము. ప్రోక్షణము వరి యొక్క వరితనమును జూచి విధింపబడలేదు. అది యాగముకొఱకు విధింపబడినది. యాగమున ఏ ధాన్యము వచ్చి చేరునో ఆ ధాన్యమునకెల్ల అది చెందును. ఏ పొలమున పుట్టితివని అక్కడ అడుగువాడు లేడు. గింజయెడ ఇంత యుదారముగ తీర్పు చెప్పినవారి సంతతివారు మనుష్యునియెడ మఱియొక తీర్పు చెప్పిరి. శూద్రునకు యజ్ఞాధికారము లేదని ఆ మీమాంసలోనే యొక యధికరణమున్నది. దానిని దాచి నివ్వరిని మాత్రము మీకు చూపుట న్యాయము గాదు గనుక రెండును చెప్పితిని.

ఈ మాటకు చీకటి ముఖమును ఒకటి కలదు. అమరకోశమున బ్రహ్మవర్గములో ప్రోక్షణశబ్దమునకు యజ్ఞపశువును చంపుట యని యర్థము చెప్పబడినది; ప్రోక్షితమనగా చంపబడినదని. వీధిబడిలో అమరము వల్లించిన మన తాతలకిది తెలియనిది కాదు. వధకు ముందు పశువుమీద నీరు చల్లుదురు గనుక, చల్లుట యను మాటయే చంపుటకు మాఱుపేరైనది. ఇందుకు మనము వెగటు పడనక్కఱలేదు. ఆంగ్లమున ఆశీర్వదించుటకు వాడు ‘బ్లెస్’ అను మాట నెత్తుటికి ఆ భాషలో నున్న పేరునుండియే పుట్టినదని శబ్దశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నెత్తురు పూసి దేవతకని గుఱుతు పెట్టుట దాని మొదటి యర్థము. 597వ సంవత్సరమున రోమునుండి క్రైస్తవ ప్రచారకులు ఇంగ్లాండున దిగిన పిమ్మట, లాటిను భాషలోని ఆశీర్వచనమునకు ఆ దేశపు జనులు ఈ నెత్తుటి మాటనే తర్జుమాగా వాడుకొనిరి. నేడు తల్లి బిడ్డ తలమీద చేయి వైచి ఆ మాట పలుకునపుడు ఆమెకు నెత్తురు జ్ఞాపకము రాదు. ఒక మాట తన పుట్టుకలోని క్రౌర్యమును విడిచి బయటికి రాగలదని దీనివలన నేర్చుకొందము. అట్లే, పుట్టుకలో నిర్దోషమైన మాట నడుమ క్రౌర్యమును నేర్చుకొనగలదనియు తెలియవలెను. సంప్రోక్షణమునకు ఆలయమున జరిగినది ఈ రెండవది.

ఆలయములలో నేటికిని దాని ముఖ్యమైన పని జీర్ణోద్ధరణమే. తిరుమలలో 12 సంవత్సరములకొకసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరుపుదురు. 2018వ సంవత్సరము ఆగష్టు నెలలో జరిగినది మీలో పెక్కురకు జ్ఞాపకముండును. దేవుని శక్తిని కుంభమున కావాహనము చేసి, ఆ కుంభమును బాలాలయమునకు చేర్చి, పీఠము చుట్టునుగల సందులను ఎనిమిది ద్రవ్యములతో నూఱిన ముద్దతో పూడ్చి, పని ముగిసిన పిమ్మట కుంభజలమును ప్రోక్షించి దేవుని మరల పూర్వస్థానమున ప్రతిష్ఠింతురు. ఇందు తప్పు పట్టవలసినదేమి? విగ్రహారాధనమునందు నమ్మకము లేనివారు సైతము ఇది యొక యింటిని బాగుచేసికొని మరల గృహప్రవేశము చేయుటవంటిదని ఒప్పుకొందురు.

కాని ఆగమగ్రంథములలో సంప్రోక్షణమెప్పుడెప్పుడు చేయవలెనో చెప్పు పట్టికలున్నవి. గర్భాలయమున రక్తము పడినను, శవమున్నను, అగ్ని తగులుకొన్నను, కుక్కయో గాడిదయో చొచ్చినను చేయవలెనని చెప్పి, ఆ వరుసలోనే కొన్ని జాతుల మనుష్యుల పేరులను చేర్చిరి. ఈ మాటలు ప్రక్షిప్తములని కొందఱు సంస్కర్తలు వాదింతురు. నేనా వాదమును చేయను. పత్రము మీద నున్నదానిని లేదనుట న్యాయవాదికి తగదు, సత్యోపాసకునికి అసలే తగదు. ఉన్నది. మనుష్యుని పేరు శవమునకును గాడిదకును నడుమ వ్రాయబడియున్నది. వ్రాసిన చేయియు మనుష్యునిదే.

దీనికి పూర్వాచారపరులు చెప్పు సమాధానమొకటి కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. “అయ్యా, మేమెవరిని ద్వేషించుట లేదు. మా యింట పురుడైనను చావైనను మేమును గుడికి పోము. అర్చకుడు సైతము ఆశౌచమున గర్భాలయమును తాకడు. మైల యందఱకును ఉన్నది, నియమమందఱకును సమానమే” అందురు. వినుటకిది సమముగానే యున్నది. కాని లెక్క చూడుడు. అర్చకుని మైలకు పది దినములు గడువు. పదునొకండవ దినమున స్నానము చేసి, జంధ్యము మార్చుకొని, వాడు తన గుడికి తాను పోవును. చండాలుడని మీరు పేరు పెట్టిన వాని మైలకు పదునొకండవ దినమెప్పుడు? వాని తాతకు రాలేదు, తండ్రికి రాలేదు. గడువు లేని మైలకు మైల యని పేరు పెట్టరాదు. దానికి మా న్యాయశాస్త్రములో వేఱు పేరున్నది, యావజ్జీవశిక్ష. నేరమేదియో మాత్రము ఆ తీర్పులో చెప్పబడలేదు.

ఈ శిక్షకు జుల్మానా గూడ నుండెడిది. 1897వ సంవత్సరమున రామనాథపురము జమీలోని కముది యను నూర నాడారులు కొందఱు శివాలయమున ప్రవేశించి పూజ జరిపిరి. ఆలయ ధర్మకర్తయైన రామనాథపురము రాజా వారిమీద దావా తెచ్చి, ఇక ముందు ప్రవేశింపకుండ నిషేధాజ్ఞను, జరిగిన ప్రవేశమువలన కావలసివచ్చిన శుద్ధికర్మల ఖర్చును కోరెను. దావా ప్రీవీ కౌన్సిలు దాక పోయి, 1908లో నాడారులకు ప్రతికూలముగానే ముగిసెను. ఆచారమును బట్టి తీర్పు చెప్పితిమని ధర్మాసనము వారనుకొనిరి. దేవుని చూచినందులకు వెల కట్టి, చూచినవానినుండియే దానిని రాబట్టవచ్చునని కక్షిదారులడుగగా, ఆంగ్లేయ న్యాయస్థానములు నవ్వక విన్నవి.

గుడి సంగతి యటుండగా చెఱువు సంగతి వినుడు. నాటి కొలాబా జిల్లాలోని మహాడ్ పట్టణపు చౌదార్ చెఱువు పురపాలక సంఘమువారిది. మహమ్మదీయులును ఇతర మతస్థులును దాని నీటిని వాడుకొనుచుండిరి. 1927వ సంవత్సరము మార్చి 20వ తేదీని డాక్టరు అంబేడ్కరు వేలకొలది జనులతో నడచిపోయి ఆ నీటిని దోసిట ముంచి త్రాగెను. పిమ్మట ఆ యూరి పెద్దలు ఆవుపేడ, గోమూత్రము, పాలు, పెరుగు కలిపిన నూటయెనిమిది కుండలతో, మంత్రోచ్చారణముతో, చెఱువును శుద్ధి చేసిరి. త్రాగునీటి శుద్ధికి వారెంచుకొన్న ద్రవ్యములను గుఱించి వైద్యులెవరైనను మాటలాడవలెను గాని నేను మాటలాడను. వివాదము పదియేండ్లు నడచి 1937లో బొంబాయి హైకోర్టున ముగిసెను. అస్పృశ్యులను దూరముంచు ఆచారము అనాదినుండి యున్నదని వాదులు నిరూపింపలేకపోయిరి.

ఇప్పుడు మీమాంసకులు కట్టిన హద్దును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దృష్టఫలము దొరకుచుండగా అదృష్టమును కల్పింపరాదు. మహాడ్‌లో చల్లిన నీటికి దృష్టఫలమున్నదా లేదా? ఉన్నది. గట్టు మీద నిలిచి చూచిన ప్రతివానికిని కనబడినది. “నీవు త్రాగిన చోట మేము త్రాగవలెనన్న నీ జాడ తుడిచివేయవలెను” అని ఆ కుండలు ఊరెల్ల వినునట్లు చెప్పినవి. వడ్లమీద చల్లిన నీటివలన వడ్లకేమియు కాలేదు గనుక అదృష్టమును నమ్మవలసివచ్చెను. ఇక్కడ మనుష్యునికి కావలసినదెల్ల అయినది. అవమానము పూర్తిగ, పగటివేళ, పదిమంది యెదుట సిద్ధించినది. ఇక కనబడని ఫలమును వెదకుట యేల? జైమిని సూత్రములను నమ్మువారు జైమిని మాటనే వినవలెను. ఆ కర్మమునకు ఫలము అవమానమే. వేఱొకటి కల్పించుటకు చోటు లేదు.

చట్టము చాలవఱకు మాఱినది. తిరువాన్కూరు మహారాజు 1936వ సంవత్సరము నవంబరు 12వ తేదీని తన రాజ్యములోని ఆలయములను హిందువులందఱకును తెఱపించెను. మన ప్రాంతము చేరియున్న మద్రాసు రాష్ట్రమున 1947లో ఆలయప్రవేశ శాసనమైనది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి శాసనము దానిని శిక్షార్హమైన నేరము చేసినది. దక్షిణ కన్నడమునందలి మూల్కి ఆలయపు వ్యాజ్యములో, ఆలయమున నెవరు ప్రవేశింపవచ్చుననునది మతవిషయమే యైనను, హిందువులందఱకును ఆలయద్వారమును తెఱచు శాసనమునకది లోబడవలెనని సుప్రీముకోర్టు 1957లో తీర్మానించినది. ద్వారము తెఱువబడినది. కాని వచ్చినవాడు వెడలిన పిమ్మట చల్లు నీటి మాట యేమి? 2018వ సంవత్సరము సెప్టెంబరులో సుప్రీముకోర్టు అన్ని వయసుల స్త్రీలకును శబరిమల ప్రవేశము ననుమతించినది. 2019 జనవరి 2వ తేదీని ఇద్దఱు స్త్రీలు దర్శనము చేసికొని వెడలగా, గర్భాలయమును సుమారొక గంటసేపు మూసి శుద్ధి చేసిన పిమ్మట మరల తెఱచిరి. ప్రవేశమునడ్డగించుట నేరమని నిరూపించుట సులభము. ఒక చెంబెడు నీటిలోని యుద్దేశమును కోర్టులో నిరూపించుట యెంత కష్టమో మా వృత్తివారికి తెలియును. అది చట్టముకంటె ముందు మన మనస్సులలో తేలవలసిన వ్యాజ్యము.

మఱియొక సంగతి. ఆ నీరు ఎవరికొఱకు? వచ్చినవాడు వెడలిపోయెను, అతనికొఱకు కాదు. ఱాతికి మైల లేదని శిల్పికి తెలియును. ఇక మిగిలినవాడు దేవుడొక్కడే. ఒక కూలివాని చూపు సోకినంతనే తొలగిపోయి, చెంబెడు నీటితో తిరిగివచ్చు సాన్నిధ్యమును సర్వాంతర్యామిది యని మీరనగలరా? దేవునకు మరమ్మతు చేయు పనికి మనము పూనుకొంటిమని ఒప్పుకొన్నచో, ఇన్ని సంవత్సరములు మనము కొలిచినదెవరినో యోచింపవలసియుండును.

ఇంటింట జరుగు పుణ్యాహవాచనమును గుఱించి కొంచెము చెప్పి విరమింతును. ‘పుణ్యాహము చల్లిరి’ అని మనమందుము. పుణ్యాహమనగా నీళ్లని మన పిల్లలనుకొందురు. పుణ్యాహమనగా మంచిదినము. వాచనమనగా పలికించుట. గృహస్థుడు ఎదుట నున్నవారితో, నాకిది మంచిదినమని మీరు పలుకుడని అడుగును. వారు మంచిదినమని బదులు పలుకుదురు. అట్లు ముమ్మాఱడుగును, ముమ్మాఱు పలుకుదురు. కలశములోని నీరు ఆ పలుకులను విన్న నీరు గనుక దానిని చల్లుకొందుము. కాబట్టి మన యింటిని మంగళకరము చేయునది నీరు కాదు, మనమీద సద్భావముతో ఎదుటివారు పలికిన మాట. అడుగనిదే వారు పలుకరు. వారు పలుకనిదే కర్మము సాగదు.

ఈ యడుగుటను మనమింతవఱకు మనవారి యెదుటనే చేసితిమి. ఏ వాడవారు వచ్చిపోయిన పిమ్మట మన గుళ్లలో నీళ్లు చల్లబడినవో, ఆ వాడకు పోయి, వారి యరుగుల ముందు నిలిచి, చేయి వెల్లకిల చాచి, మాకిది మంచిదినమని పలుకుడని ముమ్మాఱడిగినచో వారేమందురో నాకు తెలియదు. వెంటనే పలుకకపోవచ్చును. పలుకువఱకు అక్కడ నిలువవలెను.